కుక్కకు నేర్పుతూ కోలుకోవడం: మాజీ సైనికుల పీటీఎస్‌డీకి మరో దారి

2021 ఆగస్టు 25న అమెరికా అధ్యక్షుడు జో బైడెన్ పావ్స్ అనే చట్టం మీద సంతకం చేశారు. కాబూల్ విమానాశ్రయం నుంచి అమెరికా తన మనుషులను హడావిడిగా తరలిస్తున్న రోజులవి. ఇరవై ఏళ్ల యుద్ధం ముగుస్తోంది. ఆ యుద్ధాన్ని ఒంట్లోనూ నిద్రలోనూ మోసుకుంటూ ఇళ్లకు చేరినవాళ్ల బాధ మాత్రం ముగియలేదు. పీటీఎస్‌డీతో, అంటే భయంకరమైన అనుభవాల తర్వాత మనసును వదలకుండా పట్టుకునే ఒత్తిడి రుగ్మతతో బాధపడుతున్న మాజీ సైనికుల చేత, వైకల్యం ఉన్నవారికి సాయపడే సర్వీస్ డాగ్‌లకు శిక్షణ ఇప్పించి, ఆ పని వాళ్లకే చికిత్సగా పనికొస్తుందేమో ఐదేళ్లపాటు పరీక్షించి చూడమని మాజీ సైనికుల వ్యవహారాల శాఖను ఈ చట్టం ఆదేశించింది. అలాస్కాలోని యాంకరేజ్, నార్త్ కరోలినాలోని యాష్‌విల్, కాలిఫోర్నియాలోని పాలో ఆల్టో, టెక్సస్‌లోని శాన్ ఆంటోనియో, ఫ్లోరిడాలోని వెస్ట్ పామ్ బీచ్‌లలో ఆ శాఖ నడిపే ఆసుపత్రులను ఇందుకు ఎంచుకున్నారు.

మాజీ సైనికులకు ప్రభుత్వం కుక్కలు ఇస్తోందని ఈ వార్తను అర్థం చేసుకోవడం తేలిక. చట్టంలోని అసలు ప్రయోగం వేరు. తయారైన కుక్కను పుచ్చుకోవడం ఒకటి, కుక్కను తయారు చేయడం ఇంకొకటి. మొదటిదానిలో కుక్క మనిషికి సాయం చేస్తుంది. రెండోదానిలో మనిషి కుక్కకు గురువవుతాడు, అదీ తన కోసం కాదు, తాను ఎన్నడూ చూడని మరో సైనికుడి కోసం. ఈ రెంటికీ తేడా చాలా పెద్దది. ఈ అంశం మీద నడిచే వాదోపవాదాల్లో సగం గందరగోళం ఈ తేడా మరచిపోవడం వల్లే పుడుతోందని నా అభిప్రాయం.

సర్వీస్ డాగ్ కాని మరో రకం కుక్క కూడా ఒకటుంది కాబట్టి ముందు ఆ లెక్క తేల్చుకుందాం. అమెరికాలో వికలాంగుల హక్కుల చట్టం ప్రకారం సర్వీస్ డాగ్ అంటే వైకల్యం ఉన్న వ్యక్తి కోసం ఒక నిర్దిష్టమైన పని చేసేలా నేర్పిన కుక్క. చూపులేని వారికి దారి చూపడం, చక్రాల కుర్చీలో ఉన్నవారికి కింద పడిన వస్తువు అందించడం, పీడకలతో పెనుగులాడుతున్న మనిషిని తట్టి లేపడం అలాంటి పనులే. పక్కన ఉంటే చాలు మనసు కుదుటపడుతుంది అనుకునే పెంపుడు కుక్క ఈ కోవలోకి రాదు. దాన్ని ఎమోషనల్ సపోర్ట్ డాగ్ అంటారు, దుకాణాల్లోకి, హోటళ్లలోకి తీసుకెళ్లే హక్కు దానికి లేదు. 2021 జనవరి నుంచి విమానయాన సంస్థలు కూడా దాన్ని మామూలు పెంపుడు జంతువుగానే చూడవచ్చు.

అమెరికాలో దుకాణాలు, మోటళ్లు, రెస్టారెంట్లు నడుపుతున్న తెలుగువాళ్లకు ఇది నేరుగా పనికొచ్చే విషయం. కుక్కతో వచ్చిన మనిషిని యజమాని రెండే ప్రశ్నలు అడగవచ్చు. ఇది వైకల్యం కారణంగా అవసరమైన సర్వీస్ డాగేనా? ఏ పని చేయడానికి దీనికి శిక్షణ ఇచ్చారు? అంతకుమించి జబ్బు పేరు అడగకూడదు, గుర్తింపు కార్డు చూపమనకూడదు, ఆ పని ఇక్కడ చేయించి చూపమనకూడదు. కుక్క అదుపు తప్పి అల్లరి చేస్తుంటే మాత్రం బయటికి తీసుకెళ్లమనవచ్చు. కాలూ చేయీ బాగానే ఉన్న యువకుడు కుక్కతో లోపలికి వస్తే అనుమానంగా చూడటం మనవాళ్లలోనూ ఉంది. అతని గాయం పైకి కనిపించేది కాకపోవచ్చు.

ఆ గాయం ఎలాంటిది?

అమెరికా మానసిక వైద్యుల సంఘం పీటీఎస్‌డీని తన అధికారిక జాబితాలో చేర్చింది 1980లో, వియత్నాం నుంచి తిరిగొచ్చిన సైనికులను చూశాక. అంతకుముందు యుద్ధాల్లో దీన్ని షెల్ షాక్ అన్నారు, కొన్నిచోట్ల పిరికితనం అని శిక్షలు కూడా వేశారు. లక్షణాలు నాలుగు వైపుల నుంచి కమ్ముకుంటాయి. జరిగిపోయింది ఇప్పుడే జరుగుతున్నట్టు పదే పదే కళ్ల ముందుకు రావడం మొదటిది. దాన్ని గుర్తుచేసే మనుషులకూ చోట్లకూ దూరంగా పారిపోవడం రెండోది. మనసు మొద్దుబారి, భార్యాపిల్లల మీద కూడా ప్రేమ పుట్టకపోవడం, తప్పంతా తనదేనన్న భావన మూడోది. నిరంతరం కాపలా కాస్తున్నట్టు ఉలిక్కిపడుతూ, నిద్ర లేకుండా, గోడకు వీపు ఆనించి తలుపు వైపు చూస్తూ కూర్చోవడం నాలుగోది.

దీనికి మంచి చికిత్సలు ఉన్నాయి. ఎడ్నా ఫోవా రూపొందించిన ప్రొలాంగ్డ్ ఎక్స్‌పోజర్ పద్ధతి, పెట్రీషియా రెసిక్ రూపొందించిన కాగ్నిటివ్ ప్రాసెసింగ్ పద్ధతి చాలామందికి మేలు చేశాయి. అయితే రెండూ బాధితుణ్ణి అతను పారిపోతున్న దాని వైపే నడిపిస్తాయి. జ్ఞాపకాన్ని మళ్లీ మళ్లీ చెప్పించడం, జనం ఉన్న చోటికి పంపడం, తనను తాను నిందించుకునే ఆలోచనలను కాగితం మీద పెట్టి పరీక్షించడం వాటి పని. అందువల్లే మధ్యలో మానేసేవాళ్లు తక్కువేమీ కాదు. అసలు గుమ్మం తొక్కనివాళ్లు ఇంకా ఎక్కువ. మానసిక చికిత్స అంటే బలహీనత ఒప్పుకోవడమే అనుకునే సైనికులకు "మీకు సాయం కావాలి" అన్న మాటే అవమానంగా వినిపిస్తుంది. అమెరికాలో సగటున రోజుకు పదిహేడు మందికి పైగా మాజీ సైనికులు ఆత్మహత్య చేసుకుంటున్నారు. గుమ్మం తొక్కని ఆ మనిషిని లోపలికి ఎలా తీసుకురావాలన్నది ప్రాణాలతో ముడిపడిన ప్రశ్న.

ఇక్కడ రిక్ యౌంట్ అనే సామాజిక కార్యకర్త ఆలోచన వస్తుంది. వెస్ట్ వర్జీనియాలో పిల్లల సంక్షేమ రంగంలో పనిచేస్తూ ఆయన ఒక సంగతి గమనించారు. ఇంటి నుంచి వేరుచేసి మరో చోటికి తరలిస్తున్న పిల్లవాడు కారు వెనుక సీటులో ఏడుస్తుంటే, ఆయన పెంచుకుంటున్న గోల్డెన్ రిట్రీవర్ జాతి కుక్క గేబ్ వాడి ఒళ్లో తల పెట్టింది. ఏడుపు ఆగింది. ఆ తర్వాత యౌంట్ దారి తప్పుతున్న కుర్రాళ్లకు కుక్కల శిక్షణ పని అప్పగించడం మొదలుపెట్టారు. 2008లో కాలిఫోర్నియాలోని మెన్లో పార్క్‌లో, పాలో ఆల్టో మాజీ సైనికుల ఆసుపత్రికి చెందిన పీటీఎస్‌డీ విభాగంలో అదే పద్ధతిని సైనికులతో ప్రారంభించారు. 2011లో వారియర్ కేనైన్ కనెక్షన్ అనే సంస్థను స్థాపించి, మేరీలాండ్ కేంద్రంగా వాల్టర్ రీడ్ సైనిక ఆసుపత్రిలోని క్షతగాత్రులతో పనిచేశారు.

ఆయన సైనికులను చికిత్సకు రమ్మని పిలవలేదు. చేతులూ కాళ్లూ పోగొట్టుకున్న మీ తోటివాడికి ఒక కుక్క కావాలి, దాన్ని తయారు చేయడానికి మీరు కావాలి అని పిలిచారు. సహచరుడి కోసం అనగానే లేచి నిలబడటం ఆ మనిషికి సైన్యమే నేర్పింది. చికిత్సను కాదన్నవాడు కూడా ఆ పిలుపును కాదనలేడు. యౌంట్ తన పద్ధతికి లక్ష్యం ఆధారంగా కోలుకోవడం అనే అర్థం వచ్చే పేరు పెట్టుకోవడానికి కారణం ఇదే.

ఈ ఆలోచన ఒక్కసారిగా ఊడిపడింది కాదు. జర్మనీలోని ఓల్డెన్‌బర్గ్‌లో 1916లో మొదటి ప్రపంచ యుద్ధంలో చూపు కోల్పోయిన సైనికుల కోసం గైడ్ డాగ్ పాఠశాల తెరిచారు. 1975లో బోనీ బెర్గిన్ కాలిఫోర్నియాలో, నడవలేనివారికి తోడ్పడే కుక్కలను తయారు చేసే సంస్థ పెట్టారు. యౌంట్ పద్ధతికి నిజమైన పూర్వరంగం మాత్రం 1981లో వాషింగ్టన్ రాష్ట్రంలోని ఒక మహిళా జైలులో ఉంది. సిస్టర్ పాలీన్ క్విన్ అనే సన్యాసిని అక్కడి ఖైదీల చేత వికలాంగుల కోసం కుక్కలకు శిక్షణ ఇప్పించారు. నేర్చుకున్న కుక్కలకంటే నేర్పిన స్త్రీలలో వచ్చిన మార్పే చూసినవాళ్లను ఆశ్చర్యపరిచింది. ఆ నమూనా తర్వాత ఎన్నో జైళ్లకు పాకింది.

శిక్షణలో ఏం జరుగుతుంది?

నాలుగైదు నెలల లాబ్రడార్ పిల్ల. పట్టీ పట్టుకున్నది ఇరాక్‌లో రోడ్డు పక్క బాంబు పేలుడు చూసిన మనిషి. ఇద్దరూ ఒక పెద్ద సూపర్‌మార్కెట్‌లోకి వెళ్లాలి. తలుపు దానంతటదే తెరుచుకునేసరికి పిల్ల బెదిరి వెనక్కి లాగుతుంది. మనిషికీ లోపలికి వెళ్లాలని లేదు. సొంత పని మీద వచ్చి ఉంటే కారులోంచి దిగకుండానే తిరిగి వెళ్లిపోయేవాడు. కానీ ఈ కుక్క రేపు చక్రాల కుర్చీలో ఉన్న ఒకడితో ఇదే తలుపు దాటాలి. ఇవాళ బెదిరితే రేపు పనికిరాదు. అందుకని అతను ఒక మోకాలి మీద కూర్చుని, చేతిలో బిస్కెట్ ముక్క పట్టుకుని, "ఏమీ లేదు, రా, శభాష్" అని పిలవాలి. లోకం భయపడాల్సిన చోటు కాదని కుక్కకు నచ్చజెప్పాలి. తనకే నమ్మకం లేని మాటను ఇంకో ప్రాణికి నమ్మకం కలిగేలా చెప్పాలి. రోజూ చెబుతూ ఉంటే, ప్రతిసారీ ఏ ప్రమాదమూ జరగకపోతుంటే, ఆ మాట చెప్పేవాడికీ వంటబట్టడం మొదలవుతుంది. మానసిక వైద్యుడు ఎక్స్‌పోజర్ అనే పేరుతో చేయించాలనుకున్నది సరిగ్గా ఇదే.

గొంతు సంగతి ఇంకా ఆసక్తికరమైనది. కుక్కపిల్ల భాషను పట్టించుకోదు, స్వరాన్ని పట్టించుకుంటుంది. సైన్యంలో ఆజ్ఞలు ఇచ్చిన కటువైన గొంతుతో "మంచి కుక్క" అంటే అది చెవులు వెనక్కి వాల్చి ముడుచుకుపోతుంది. భావం లేని చప్పని గొంతుతో అంటే తల తిప్పి మరో వైపు చూస్తుంది. మెచ్చుకోలు పని చేయాలంటే స్వరం పైకి లేవాలి, అందులో సంతోషం వినపడాలి. మొద్దుబారిన మనసుతో ఏళ్లుగా ఒకే స్థాయిలో మాట్లాడుతున్న మనిషికి ఇది మొదట్లో ఎబ్బెట్టుగా ఉంటుంది. శిక్షకులు పట్టుబట్టి సాధన చేయిస్తారు. కుక్క తోక ఊపితే పాఠం వచ్చినట్టు, ఊపకపోతే రానట్టు. ఇంత నిక్కచ్చిగా, అవమానించకుండా, వెంటనే ఫలితం చెప్పే పరీక్షకుడు మరొకడు దొరకడు. ఆ గొంతు ఇంటికి కూడా వెళ్తుంది. కుక్కపిల్ల దగ్గర నేర్చుకున్న ఓపికా మెచ్చుకోలూ పిల్లల దగ్గర వాడమని ఈ కార్యక్రమాల్లో నేరుగానే చెబుతారు.

ఆ తర్వాత సమయం. కుక్క చేసిన పని సరైనదని తెలియజేయడానికి క్లిక్కర్ అనే చిన్న పరికరాన్ని నొక్కుతారు, లేదా ఒక చిన్న మాట అంటారు, వెంటనే తినడానికి ఇస్తారు. ఆ శబ్దం సరైన క్షణంలోనే రావాలి. రెండు సెకన్లు ఆలస్యమైతే కూర్చున్నందుకు ఇవ్వాల్సిన మెప్పు లేచినందుకు ఇచ్చినట్టవుతుంది. అంటే శిక్షణ ఇచ్చేవాడి మనసు పూర్తిగా ఇక్కడే, ఈ కుక్క మీదే ఉండాలి. తాను పోరాడిన ఇరాక్ నగరం ఫలూజా వీధుల్లోకి జారిపోతే కుదరదు. జ్ఞాపకాలు పట్టి లాక్కెళ్లే మనిషిని వర్తమానంలో నిలిపి ఉంచడానికి ఇదొక గట్టి లంగరు.

కుక్క ఒంటి భాష చదవడం కూడా నేర్పుతారు. ఆవులింత, పెదవి నాకడం, పక్కకు చూడటం, తోక దించడం అన్నీ ఒత్తిడి గుర్తులే. కుక్క ఎందుకు బిగుసుకుపోయిందని వెతికితే చాలాసార్లు జవాబు పట్టీకి ఈ చివర ఉంటుంది. మనిషి చేయి బిగుసుకుంటే ఆ బిగువు పట్టీ గుండా కుక్కకు తెలిసిపోతుంది. కుక్క తేలికపడాలంటే ముందు తను ఊపిరి నెమ్మదిగా తీసుకోవాలి, భుజాలు దించాలి. నీ కోసం శాంతించు అంటే వినని మనిషి కుక్క కోసం శాంతిస్తాడు.

పీడకల నుంచి లేపే పని నేర్పే తీరు చూడండి. సైనికుడు చాప మీద పడుకుని నిద్రలో పెనుగులాడుతున్నట్టు కాళ్లూ చేతులూ కదుపుతాడు. కుక్క కుతూహలంతో దగ్గరికి వస్తే మెప్పు. ముక్కుతో తాకితే ఇంకా మెప్పు. క్రమంగా కదలిక తగ్గిస్తూ, గదిలో దీపం ఆర్పేసి, కుక్కను దూరంగా పడుకోబెట్టి అదే పాఠం మళ్లీ చేయిస్తారు. పెనుగులాట మొదలవగానే వచ్చి ముక్కుతో పొడిచి, మనిషి లేచి కూర్చునేదాకా వదలకపోవడం కుక్కకు అలవాటవుతుంది. తన రాత్రుళ్లను తానే పగటి వెలుతురులో, నలుగురి మధ్య, పాఠంగా ప్రదర్శిస్తున్నాడు ఆ సైనికుడు. సిగ్గుపడి దాచుకున్నది ఒక ఉపయోగకరమైన పరిజ్ఞానంగా మారిపోయింది.

కవచంగా కుక్క, శిష్యుడిగా కుక్క

ఇప్పుడు వైద్యుల్లో ఉన్న ఒక నిజమైన అభ్యంతరం. పీటీఎస్‌డీ కోసం ఇచ్చే సర్వీస్ డాగ్‌లకు కొన్ని ప్రత్యేకమైన పనులు నేర్పుతారు. జనం దగ్గరికి రాకుండా ముందు అడ్డంగా నిలబడటం, వెనుక నిలబడి వీపు కాయడం, ఇంట్లోకి ముందుగా వెళ్లి గదులు చుట్టి రావడం, దీపం వేయడం. వీటి వల్ల మనిషి బయటికి రాగలుగుతాడు, నిజమే. కానీ వెనుక ఎవరో ఉన్నారన్న భయం సరైనదేనని కుక్క రోజూ సాక్ష్యం చెబుతున్నట్టు కూడా అవుతుంది. గది చుట్టి వచ్చే కుక్క ఉంటే, చుట్టకపోయినా ఏమీ కాదన్న సంగతి తెలిసే అవకాశం పోతుంది. ఎక్స్‌పోజర్ చికిత్స ఒక వైపు లాగుతుంటే ఈ పనులు మరో వైపు లాగుతాయన్న ఆందోళనను తేలిగ్గా కొట్టిపారేయలేం.

శిక్షణ ఇవ్వడంలో ఈ చిక్కు లేదు. అక్కడ కుక్క కవచం కాదు, శిష్యుడు. భయపడేది కుక్క, ధైర్యం చెప్పేది మనిషి. జనంలోకి కుక్కను నడిపించేవాడు తనే. ట్రాలీ దబ్బున పడిన చప్పుడు వినిపిస్తే ఉలిక్కిపడినా వెంటనే తేరుకుని "ఏమీ కాలేదు" అని కుక్కకు చెప్పాల్సినవాడూ తనే. నాకు ఈ మొత్తం విషయంలో అన్నిటికంటే విలువైనదిగా కనిపించేది ఈ తలకిందులైన సంబంధమే. కాపాడబడేవాడి స్థానం నుంచి కాపాడేవాడి స్థానానికి మనిషి తిరిగి వస్తున్నాడు. సైన్యంలో చేరిన రోజు అతను కోరుకున్నదీ ఆ స్థానమే.

లెక్కలు ఏం చెబుతున్నాయి?

ఇక్కడ జాగ్రత్తగా నడవాలి, ఎందుకంటే కుక్కల కథలు మనసును తొందరగా కరిగిస్తాయి.

సిద్ధం చేసిన కుక్కను ఇచ్చే పద్ధతి మీద అమెరికా కాంగ్రెస్ ఆదేశంతో మాజీ సైనికుల శాఖ 2011లో ఫ్లోరిడాలోని టాంపాలో అధ్యయనం మొదలుపెట్టింది. కుక్కలు పిల్లలను కరవడం, వాటి ఆరోగ్య సమస్యలు వంటి కారణాలతో 2012లో అది ఆగిపోయింది. కొత్త నిబంధనలతో అట్లాంటా, అయోవా సిటీ, పోర్ట్‌లాండ్‌లలో మళ్లీ నడిపారు. 227 మందిని చీటీలు వేసినట్టు రెండు జట్లుగా విడదీశారు. చివరికి 181 మందికి కుక్కలు అందాయి, కొందరికి సర్వీస్ డాగ్, కొందరికి ఎమోషనల్ సపోర్ట్ డాగ్. పద్దెనిమిది నెలలు గమనించాక తేలిందేమిటంటే, రోజువారీ పనులు చేసుకోగల శక్తిలోనూ జీవన నాణ్యతలోనూ రెండు జట్ల మధ్య చెప్పుకోదగ్గ తేడా లేదు. పీటీఎస్‌డీ లక్షణాలు రెండు జట్లలోనూ తగ్గాయి. సర్వీస్ డాగ్ జట్టులో 80 పాయింట్ల కొలత మీద మరో 3.7 పాయింట్లు ఎక్కువగా తగ్గాయి, ఆత్మహత్య ఆలోచనలు కూడా తక్కువగా కనిపించాయి. 3.7 అంటే చిన్న తేడా. పైగా కుక్కే లేని మూడో జట్టు ఆ అధ్యయనంలో లేదు. కాబట్టి కుక్క వల్ల ఎంత మేలు జరిగిందన్న మూల ప్రశ్నకు దానిలో జవాబు వెతకడం సరికాదు. సర్వీస్ డాగ్‌లు పనికిరావని తేలిందని ఈ అధ్యయనాన్ని ఉదహరించేవాళ్లు అది అడగని ప్రశ్నకు జవాబు లాగుతున్నారు.

పరిశోధకురాలు మ్యాగీ ఓహేర్ బృందం 2024లో ప్రచురించిన అధ్యయనంలో 156 మంది ఉన్నారు. 81 మందికి కుక్కలు అందాయి, 75 మంది వరుసలో వేచి ఉన్నారు. మూడు నెలల తర్వాత ఎవరికి కుక్క ఉందో తెలియని వైద్యులు పరీక్షించినప్పుడు, కుక్క ఉన్నవారిలో పీటీఎస్‌డీ నిర్ధారణ అయ్యే అవకాశం 66 శాతం తక్కువగా కనిపించింది. ఇది గట్టి ఫలితం. అయితే ఎవరు ఏ జట్టులోకి వెళ్లాలన్నది చీటీలతో నిర్ణయించలేదు, మూడు నెలలు పెద్ద వ్యవధీ కాదు. అదే బృందం 2018లో మరో సంగతి చూపింది. నిద్ర లేవగానే ఆరోగ్యవంతుల్లో కార్టిసాల్ అనే హార్మోన్ పెరుగుతుంది. కుక్క ఉన్న మాజీ సైనికుల్లో ఆ పెరుగుదల, వేచి ఉన్నవాళ్లలోకంటే ఎక్కువగా ఉంది. అంటే ఒంట్లోనూ ఏదో మార్పు ఉంది.

ఇవన్నీ కుక్కను పుచ్చుకున్నవాళ్ల లెక్కలు. శిక్షణ ఇచ్చినవాళ్ల మీద 2025లో ఫ్లోరిడా అట్లాంటిక్ విశ్వవిద్యాలయానికి చెందిన షెరిల్ క్రౌజ్-పరెల్లో బృందం వెల్లడించిన అధ్యయనం నాకు ఎక్కువ ఆలోచన రేపింది. పీటీఎస్‌డీ ఉన్న 28 మంది మహిళా మాజీ సైనికులు, 32 నుంచి 72 ఏళ్ల వయసు వాళ్లు. వారానికో గంట చొప్పున ఎనిమిది వారాలు ఒక జట్టు కుక్కలకు శిక్షణ ఇచ్చింది, మరో జట్టు కుక్కల శిక్షణ వీడియోలు చూసింది. వయసుతోపాటు కురచబారే క్రోమోజోముల కొసలను టెలోమియర్లు అంటారు. శిక్షణ ఇచ్చిన జట్టులో అవి నిలదొక్కుకున్నాయి, వీడియోలు చూసిన జట్టులో తగ్గాయి. యుద్ధరంగంలో పనిచేసిన స్త్రీలలో ఈ తేడా మరింత స్పష్టం. పత్రికలు దీన్ని కుక్కలతో వయసు నెమ్మదిస్తుందన్నంత శీర్షికలతో రాశాయి. కానీ ఆందోళన, ఒత్తిడి, పీటీఎస్‌డీ లక్షణాలు మాత్రం రెండు జట్లలోనూ తగ్గాయి. వీడియోలు చూసినవాళ్లలో కూడా!

28 మందితో పెద్ద తీర్మానాలు చేయలేం. అయినా ఆ రెండో ఫలితాన్ని పక్కన పెట్టడం తగదు. వారం వారం ఒక చోటికి రావడం, తనలాంటివాళ్లతో కూర్చోవడం, ఎవరో తన కోసం ఎదురుచూస్తున్నారన్న భావన, వీటికే చాలా శక్తి ఉందని అది సూచిస్తోంది. ఒంటరితనం పీటీఎస్‌డీకి ఎరువు. కుక్క ఆ ఒంటరితనాన్ని పగలగొట్టే సాకు అయినా సరే, నా దృష్టిలో అది చిన్న సంగతి కాదు. వీధిలో ఒంటరిగా నడిచే మనిషిని ఎవరూ పలకరించరు. కుక్కపిల్లతో నడిచేవాణ్ణి నలుగురు ఆపి పేరు అడుగుతారు.

కుక్కకు మనిషి ఒత్తిడి వాసన రూపంలో తెలుస్తుందనడానికి ఆధారాలు పెరుగుతున్నాయి. బెల్‌ఫాస్ట్‌లోని క్వీన్స్ విశ్వవిద్యాలయంలో 2022లో, కష్టమైన లెక్క చేయకముందూ చేశాకా తీసిన చెమట, ఊపిరి నమూనాలను కుక్కలు 90 శాతానికి పైగా సరిగ్గా వేరుచేశాయి. కెనడాలోని డల్‌హౌసీ విశ్వవిద్యాలయం 2024లో గతంలో ఆఘాతానికి గురైనవాళ్ల ఊపిరి మీద ఇలాంటి పరీక్షే చేసింది. పాతిక కుక్కలతో మొదలైతే చివరిదాకా నిలిచినవి ఐవీ, కాలీ అనే రెండే. ప్రతి కుక్కా ఈ పనికి పుట్టదని కూడా ఆ పరీక్ష గుర్తుచేస్తోంది.

ఆ మాట శిక్షణకు కూడా వర్తిస్తుంది. ఒక సర్వీస్ డాగ్ తయారు కావడానికి సుమారు రెండేళ్లు పడుతుంది, ఖర్చు తరచుగా ఇరవై వేల డాలర్లు దాటుతుంది. చాలా కుక్కలు మధ్యలో ఆగిపోతాయి. కీళ్లు సరిగా ఉండవు, లేదా చప్పుళ్లకు తట్టుకోలేవు, లేదా వాటికి ఆ పని ఇష్టం ఉండదు. వాటిని పెంపుడు కుక్కలుగా మంచి ఇళ్లకు పంపుతారు. పెంచిన కుక్క ఉత్తీర్ణం కాకపోతే శిక్షణ ఇచ్చిన మనిషి దాన్ని మరో ఓటమిగా లెక్కేసుకునే ప్రమాదం ఉంది. ఆ కుక్క బాగానే ఉంది, దానికి తగిన పని వేరే అని అతనికి అర్థమయ్యేలా చెప్పగలిగిన శిక్షకుడు లేని చోట ఈ కార్యక్రమం నడపకూడదు.

కుక్క సుఖం కూడా చూడాలి. కుంగిపోయిన మనిషి పక్కన రోజంతా ఉండటం దానికీ భారమే. దండించి నేర్పే పాత పద్ధతులను ఈ కార్యక్రమాలు దగ్గరికి రానివ్వకపోవడం కుక్కకూ మేలు, కోపం అదుపులో పెట్టుకోవడం నేర్చుకుంటున్న మనిషికీ మేలు.

ఇక వీడ్కోలు. పెంచిన కుక్కను ఇంకొకరి చేతిలో పెట్టాలి. స్నేహితులను పోగొట్టుకున్న మనిషిని మళ్లీ ఎడబాటుకు గురిచేయడం క్రూరం కాదా అని అడగవచ్చు. యుద్ధంలో జరిగిన ఎడబాట్లు హఠాత్తుగా, అర్థం లేకుండా జరిగినవి. ఇది ముందే తెలిసిన ఎడబాటు, దీనికి ఒక తేదీ ఉంది, కారణం ఉంది, అవతల చేయి చాచి నిలబడ్డ ఒక మనిషి ఉన్నాడు. దుఃఖపడటం కూడా నేర్చుకోవాల్సిన పనే అనుకుంటే ఇంతకంటే సురక్షితమైన తరగతి దొరకదు. అందరికీ ఇది సరిపోదు కూడా. అందుకే పావ్స్ చట్టం ఒక వెసులుబాటు ఉంచింది. తాను నేర్పిన కుక్కను తన దగ్గరే ఉంచుకోవడం మేలని మాజీ సైనికుడూ అతని వైద్యుడూ భావిస్తే దాన్ని దత్తత తీసుకోవచ్చు.

ఐదు ఆసుపత్రుల ప్రయోగం ముగిశాక నివేదికలు వస్తాయి. లక్షణాల కొలతల్లో ఎన్ని పాయింట్లు తగ్గాయన్న అంకె మీదే అందరి కళ్లూ ఉంటాయి. నేనైతే ముందు ఇంకో లెక్క కోసం వెతుకుతాను. మానసిక చికిత్సను ఒకసారి మానేసినవాళ్లూ, అసలు ఒప్పుకోనివాళ్లూ ఎంతమంది కుక్కల శిక్షణ కోసం ఆసుపత్రికి వచ్చారు? వచ్చినవాళ్లలో ఎంతమంది ఆ తర్వాత అదే భవనంలో ఉన్న వైద్యుడి గది తలుపు తట్టారు, ఎంతమంది ఆ చికిత్సను చివరిదాకా కొనసాగించారు? కుక్కకు నేర్పడం మందుగా పనిచేసిందా అన్నదానికంటే, మందు దగ్గరికి మనిషిని నడిపించిందా అన్నది తేలితే చాలు, ఈ ఐదేళ్ల ఖర్చుకు న్యాయం జరిగినట్టే.